ఫోటో లేని తత్వవేత్త

2022 వేసవి. అమలాపురం దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీవాళ్ళు లైబ్రరీ గోడ మీద తత్వవేత్తల బొమ్మలు వెయ్యమని నన్ను పిలిచారు. షాపులకు బోర్డులు రాయడం, గోడలకు బొమ్మలు వెయ్యడం నా వృత్తి. ఐదో తరగతితో బడి మానేసినా, ఎవరి బొమ్మ వేస్తే వాళ్ళ గురించి చదవడం నా అలవాటు.

వాళ్ళు చెప్పిన పేర్లన్నీ మగవాళ్ళవే. అక్కడ తత్వశాస్త్రం చెప్పే కరుణ గెస్ట్ లెక్చరర్. అంటే ఏటా జూన్‌లో మళ్ళీ తీసుకుంటేనే ఉద్యోగం. ఆ అమ్మాయి ప్రిన్సిపాల్‌ను ఒప్పించి ఒక స్త్రీని చేర్పించింది. ఉపనిషత్తుల కాలంలో నిండు సభలో ఋషిని ప్రశ్న మీద ప్రశ్న అడిగితే, ఇంకా అడిగావంటే నీ తల రాలిపోతుందని బెదిరింపు విన్న ఆవిడ. ప్రైమర్ కొట్టి, అంటే రంగు పట్టడానికి వేసే మొదటి పూత వేసి, మిగతావాళ్ళ సరసనే ఆవిడనూ వేశాను.

కాలేజీ సెక్రటరీగారు చూడడానికి వచ్చారు.

"ఈవిడెవరండీ? ఫోటో ఏదైనా ఉందా, ఊహించి వేసేసేరా?"

"పక్కాయన ఫోటో మాత్రం ఎవరి దగ్గరుందండీ? ఆ గెడ్డం నేను పెట్టిందే. ముక్కేమో మా రేవులో పడవ నడిపే వీర్రాజుదండి."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. ఆ నవ్వుతోనే కరుణ వైపు తిరిగారు.

"సిలబస్ చూసుకోండమ్మా, గోడల సంగతి మీకెందుకు? జూన్ దగ్గరకొచ్చేస్తోంది కదా."

సాయంత్రం కరుణ నా నిచ్చెన దగ్గరకు వచ్చింది.

"బాబాయ్ గారూ, ఆవిణ్ణి చెరిపేద్దామండి."

"నువ్వే కదమ్మా పట్టుబట్టి వేయించేవు?"

"ఆయ్, నేనేనండి. ఇంట్లో నా ఒక్కదాందే జీతమండి. దగ్గరుండి చెరిపించమని సెక్రటరీగారు నాకే చెప్పేరు."

"నా చేత్తో నేను చెరపనమ్మా."

కరుణ తెల్లరంగు డబ్బాలో రోలర్ ముంచి, తనే పూసింది. ఒక పూతకు కళ్ళు ఇంకా కనిపిస్తున్నాయి. రెండో పూత వేసింది.

జూన్‌లో ఉద్యోగం నిలిచింది.

ఆడవాళ్ళలో తత్వవేత్తలు పుట్టలేదని పెద్దపెద్ద పుస్తకాల్లో చదివి, నిజమే కాబోలనుకున్నాను చాలాకాలం. మనిషి లేకుండా పోవడం దానంతటది జరగదు. నవ్వుతూ మాట్లాడే ఒక పెద్దమనిషి ఉంటే చాలు. చెరిపే చెయ్యి కూడా ఆడదానిదే అయ్యేలా చూసుకుంటాడు.