హ్యాండిల్ మీది తువ్వాల

సూరత్‌లోని ఉధ్నాలో మరమగ్గాలకు కంట్రోలు పెట్టెలు చేసే చిన్న కంపెనీ మాది. మగ్గాలను మావాళ్ళు సాంచాలంటారు. ఇతరులు రాసిన కోడ్‌ను వంకలు పెట్టి చదవడం నా ఉద్యోగం, స్వభావం కూడా.

ఆ రోజు నా జూనియర్ మగ్గాన్ని నడిపే కోడ్ తెచ్చాడు. అందులో కీలకం ఒక్కటే. మెమరీలో ఇందాక చూసిన విలువే ఇంకా ఉంటే మార్చాలి, లేకపోతే ముట్టుకోకూడదు. పోల్చడం, మార్చడం ఒకే ఊపులో జరగాలి, మధ్యలో ఎవరూ దూరకుండా. అతను 'ఆగి ఉంది' అన్న విలువ చూసి, అదే ఉంటే 'నడువు' అని మారుస్తున్నాడు.

"ఇది నేనైతే పాస్ చెయ్య," అన్నాను.

"ఏందక్కా, ఎంత నడిపినా తప్పు రాలే. రేపే బిగించాలె గద!"

నాకు చిర్రెత్తుకొచ్చింది. మొదట బిగించేది మా చిన్నాయన, అంటే బాపు తమ్ముడు, పనిచేసే కార్ఖానాలోనే.

"నువ్వు చూసినంక ఎవడో నడిపి, మల్ల ఆపిండనుకో?"

"అప్పుడు సుత ఆగే ఉంటది గదా."

"ఈసారి లోపల చెయ్యి ఉంటే?"

అతనికి అర్థం కాలేదు. బాపు సంగతి చెప్పాను. అన్నదమ్ములిద్దరూ అప్పట్లో ఒకే మగ్గాల దగ్గర పనిచేసేవారు. పోగు తెగితే మగ్గం ఆపి, భుజం మీది తువ్వాలను హ్యాండిల్‌కు వేలాడదీస్తారు. అది ఉన్నంతసేపు హ్యాండిల్ లాగకూడదు. ఇద్దరివీ ఊరి నుంచి తెచ్చుకున్న ఎర్రగళ్ళ తువ్వాలలే. ఒకరోజు బాపు తన తువ్వాల వేసి నూలు కోసం వెళ్ళాడు. ఈలోగా చిన్నాయన పోగు ముడేసి, ఆ తువ్వాల తీసి పక్కన పెట్టి, మగ్గం నడిపాడు. పోగు మళ్ళీ తెగింది. ఆపి, తన తువ్వాల వేసి, మగ్గం వెనక నుంచి వంగి లోపల చెయ్యి పెట్టాడు. తిరిగొచ్చిన బాపు తనదే అనుకుని తువ్వాల తీసి హ్యాండిల్ లాగాడు.

చిన్నాయనకు రెండు వేళ్ళు పోయాయి. బాపు మళ్ళీ మగ్గం ముట్టలేదు. పర్వత్ పాటియాలో చీరలు మడతపెట్టే పనికి కుదిరాడు.

జూనియర్ కోడ్‌ను మళ్ళీ ముందేసుకున్నాడు. మగ్గం ఆగిన ప్రతిసారీ ఒక అంకె పెరిగేలా, విలువనూ అంకెనూ కలిపే పోల్చేలా తిరగరాశాడు. మూతి మాత్రం ముడుచుకునే ఉంది.

కార్ఖానాలో పరీక్షకు చిన్నాయన బాపును బలవంతంగా లాక్కొచ్చాడు. మగ్గంలో చెయ్యి పెట్టొద్దని అందరికీ గట్టిగా చెప్పాను. బాపు మగ్గం నడిపే మీట నొక్కాడు. ఆ ఆదేశాన్ని పెట్టె కాసేపు పట్టి ఉంచేలా ముందే అమర్చాం. ఆ సందులో జూనియర్ మరో మీటతో మగ్గాన్ని నడిపి, మళ్ళీ ఆపాడు. అప్పుడు బాపు ఆదేశం చేరింది. అంకె కలవలేదు. మగ్గం కదల్లేదు.

నేను సంతోషంతో చప్పట్లు కొట్టాను. బాపు మాత్రం మీట మీది నుంచి చెయ్యి తీయలేదు.

"గా దినం సుత గిది గిట్లనే మొండికేసుంటే బాగుండు," అన్నాడు తమ్ముడితో.