మధ్య మెట్టు మీది భూరా

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. మా ఆడపడుచు ఇంట్లో గిన్నె కిందపడితే గాలి సోకిందంటుంది, పిల్లి పడేసిందని నేనంటాను. చార్మినార్ వెనక గల్లీలో ఇరవై ఏళ్లుగా గాజుల దుకాణం నడుపుతున్నాను. ఇంతమంది మనుషులతో వేగినదానికి దయ్యాలొక లెక్కా అనుకునేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది దయ్యం సంగతో కాదో కూడా నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా దుకాణానికి మూడు రాతి మెట్లు. ఎండాకాలం పన్నెండు దాటాక మా గల్లీలో ప్రతి దుకాణం వాళ్లూ ఒక బకెట్ నీళ్లు తమ మెట్ల మీద పోస్తారు. రాయి చల్లబడితే గల్లీ కుక్కలొచ్చి పడుకుంటాయి. ఏ కుక్క మెట్టు దానిదే. అవి ఎవరినీ ఏమనవు, వాటినీ ఎవరూ ఏమనరు. బేరానికొచ్చినవాళ్లు కాలెత్తి వాటిని దాటుకుని లోపలికొస్తారు.

మా మధ్య మెట్టు భూరాది. మట్టిరంగు కుక్క. ఎవరైనా తోక తొక్కినా ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకునేది. పక్కన చెప్పుల దుకాణం కరీం భాయ్ దానికి పొద్దున రొట్టె పెట్టేవాడు, మధ్యాహ్నం నేను నీళ్లు పోసేదాన్ని. తొమ్మిదేళ్లు అట్లాగే గడిచాయి.

నిరుడు ఎండాకాలం ఎక్కడో కుక్కలు పసిపిల్లను కరిచాయని టీవీలో ఒకటే గోల. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మున్సిపాలిటీ కుక్కల బండి వచ్చింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, గుర్తుకు చెవి కొస కత్తిరించి, పట్టిన చోటే మళ్లీ వదిలిపెడతారు. అందుకే ఏ గల్లీదో, ఏ దుకాణం ముందుదో చీటీ రాసుకుంటారు. కరీం భాయ్ నమాజుకు పోయాడు. నా దుకాణంలో పెళ్లి గాజులకొచ్చిన ఆడవాళ్లు కూర్చున్నారు, ఒకామె ఒళ్లో పసిపిల్ల.

"అమ్మా, గీ కుక్క మీదేనా? చీటీల ఏం రాయాలె?" అని అడిగాడు బండి అతను.

పసిపిల్ల తల్లి నా మొహంలోకి చూసింది. మాదంటే రేపేదైనా అయితే నా మెడకు చుట్టుకుంటుందని భయమేసింది.

"మాది కాదన్నా. ఈ గల్లీదే కాదు, యాడికెళ్లొచ్చిందో" అన్నాను.

భూరా అరవలేదు, గుంజుకోలేదు. నా వైపు చూస్తూనే బండెక్కింది.

మిగతా కుక్కలన్నీ నాలుగైదు రోజుల్లో తిరిగొచ్చాయి. భూరా రాలేదు. నేనూ కరీం భాయ్ ఆ ఆపరేషన్లు చేసే చోటికి ఆటోలో పోయి అడిగాం. "జాగా రాయని కుక్కను యాడ ఇడవాలమ్మా? ఊరవతల ఇడిచినం" అన్నాడు అక్కడి మనిషి. ఎటువైపో ఎవరికీ గుర్తులేదు. రెండు ఆదివారాలు తిరిగాం. అంత ఊరవతల ఎక్కడని వెతుకుతాం? "వాళ్లు జాగా ఎందుకు రాయలేదు బెహెన్?" అని కరీం భాయ్ దారిపొడవునా అంటూనే ఉన్నాడు. నేను ఆటో అతనికి ఇంకో దారి చూపించాను.

ఆ తర్వాత వారం ఒకామె గాజులకొచ్చింది. మొదటి మెట్టెక్కి, ఆగి, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, మధ్య మెట్టు తొక్కకుండా మూడోదాని మీద కాలేసింది. పాత బేరం, అలవాటేమో అనుకున్నాను. అడిగితే నిజామాబాద్ నుంచట, ఈ గల్లీకి రావడమే మొదటిసారట. తర్వాత బుర్ఖాలు వేసుకున్న అక్కాచెల్లెళ్లిద్దరు. తర్వాత పెట్టెలు మోసుకొచ్చిన అతను. గడ్డం దాకా పెట్టెలే, కింద ఏమీ కనిపించదు, అయినా కాలెత్తాడు.

రాయి కదులుతుందేమోనని మేస్త్రీని పిలిపించాను. బాగానే ఉందన్నాడు. దిగేటప్పుడు అతనూ దాటుకునే దిగాడు. ఎందుకట్ల దాటినవన్నా అంటే, "దాటుడేంది?" అని నన్నే ఎగాదిగా చూశాడు.

అదీ మధ్యాహ్నం, నీళ్లు పోశాక, నాలుగింటి దాకానే. పొద్దునా సాయంత్రం అందరూ మూడు మెట్లూ తొక్కే ఎక్కుతారు.

చివరికి కరీం భాయ్‌కి అంతా చెప్పేశాను, నా అబద్ధంతో సహా. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. లేచి నా మెట్లు దిగాడు. మధ్య మెట్టు దగ్గర కాలెత్తాడు. తెలిసి ఎత్తాడో తెలియక ఎత్తాడో నేనడగలేదు.

"నీళ్లయితే పోస్తనే ఉండు బెహెన్. ఎండ మస్తుంది" అన్నాడు.

ఈ ఏడూ పోస్తున్నాను. ఇప్పటికీ కొత్తవాళ్లు, పాతవాళ్లు అందరూ దాటుకునే వస్తున్నారు. నేను మాత్రం ఆ మెట్టును రోజుకు పదిసార్లు తొక్కుతాను. మధ్యాహ్నం కావాలనే నెమ్మదిగా అడుగేస్తాను. నా కాలు ఒక్కసారి కూడా దానంతటది లేవలేదు. అందరికీ అడ్డొచ్చేది ఏమిటో, అది నా ఒక్కదానికే ఎందుకు తగలదో నాకు తెలియదు. ఏడుపొస్తుంది.

బేరాలు లేనప్పుడు చెప్పులు విప్పి ఆ తడి రాయి మీద నిలబడతాను. "మాదే. ఈ గల్లీదే" అని పైకే అంటాను. ఇప్పుడు రాసుకునేవాళ్లెవరు?