ఆళ్లగడ్డ ఆటల బారులో మైకు

నా మనవరాలు ఇంజనీరింగు చదివి నంద్యాలలో ఆటల బారు పెట్టింది. మందు అమ్మేది కాదు. వరుసగా కంప్యూటర్లు, వాటి ముందు కుర్రకారు, ఓ మూల నన్నారి షర్బత్తు, సోడా. తెర మీద తుపాకులు పేల్చుకోవడాన్ని ఆట అంటారని తెలిసి మూడు వారాలు దానితో మాట్లాడలేదు. పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి నేను. చదువుకున్నవాళ్లు ఇట్లా కాలం పారేసుకుంటే ఒళ్లు మండుతుంది. ఇప్పటికీ మండుతుంది.

నంద్యాలది నిలబడింది. ఆళ్లగడ్డలో తెరిచిన రెండోదానికి మాత్రం జనం రాలేదు. ఒక ఆదివారం పోటీ పెట్టి, "తాతా, ఈ పొద్దు గూడా ఎవురూ రాకుంటే ఈడ ఎత్తేస్తా" అంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే పిల్ల గొంతు సన్నబడింది. అందుకే పోయాను, ఆట మీద గౌరవంతో కాదు.

పది మంది చెవులకు డిప్పలు తగిలించుకుని మౌనంగా ఆడుతున్నారు. చూసేవాళ్లు లేరు. ఇదేం పోటీ! నలభై ఏళ్లు బండలాగుడు పోటీల్లో మైకు పట్టినవాణ్ణి. ఎద్దుల జత దిగితే ఏ ఊరిది, ఎవరిది అని చెప్పనిదే అక్కడ బండ కదలదు.

"మైకు ఇట్లా తే" అన్నాను.

"పేర్లు తెర మీద ఉండాయి, సదువు తాతా."

అవన్నీ ఆట కోసం పెట్టుకున్న దొంగ పేర్లు. ఒక్కొక్కరినీ ఊరు, తండ్రి పేరు అడిగి, వీధి వైపు కట్టిన హారన్‌లో చదివాను. గోస్పాడు నుంచి వచ్చిన యువకుడొకడు తండ్రి పేరు చెప్పడానికి నసిగాడు. నేను వదల్లేదు.

కాసేపటికి వాకిట్లో జనం గుమిగూడారు. వాళ్లను తోసుకుంటూ ఒక రైతు లోపలికొచ్చాడు. విత్తనాల అంగడికి వచ్చి, హారన్‌లో తన పేరు విన్నాడట.

"కోచింగంటివి గదరా! ఈడ ఏం జేస్తాండావ్?" అని గోస్పాడు యువకుడి మీద అరిచాడు.

మనవరాలి ముఖం పాలిపోయింది. దాని అంగడిని నా చేతులతో నేనే మూయించాననుకున్నాను. ఎవరికీ తలవంచని నేను ఆయనకు చేతులు జోడించాను. "తప్పు నాదప్పా. పిల్లోళ్లనేం అనొద్దు."

ఆయన నన్ను తేరిపార చూశాడు. "బండకాడ మైకు పట్టే పెద్దాయనవి గదా? మా నాయన పేరు గూడా నువ్వే సదివినావు." తర్వాత తెర వైపు తిరిగాడు. "మావోడు గెలుస్తాండాడా?"

"ఓడిపోతాండా నాయనా" అన్నాడు కొడుకు.

"అయితే నోరు మూసుకోని ఆడు. నీ సంగతి ఇంటికాడ జెప్తా."

జనం గొల్లుమన్నారు. వాడు ఓడాడు. ఆయన నన్నారి తాగుతూ చివరిదాకా నిలబడ్డాడు, జనమూ కదల్లేదు.

"వచ్చే ఆదివారం గూడా రా తాతా. కానీ వాళ్లు సరేనంటేనే నాయన పేరు సదువు" అంది మనవరాలు.

నాయన పేరు చెప్పుకోలేనోడికి ఆటెందుకని కసిరాను. అయినా ప్రతి ఆదివారం ముందుగా అడిగే చదువుతున్నాను.