మెలికల బాకు తోమిన రోజు

కువైట్‌లోని సల్వాలో నేను పనిచేసిన ఇంటి హాల్లో మధ్యాహ్నం పూట వెలుగు తేనె రంగులో ఉండేది. దుమ్ముగాలి వీచిన రోజైతే మరీనూ. మేం మామా అని పిలిచే ఇంటి యజమానురాలు నిద్రపోయేది. ఏసీ ఒక్కటే గొణుగుతూ ఉండేది. నేను కలలో నడుస్తున్నట్టు ఒక్కో వస్తువూ తుడుచుకుంటూ పోయేదాన్ని. తొంభైల చివరి సంవత్సరాలవి.

ఇండోనేషియా నుంచి ఇంటి యజమాని బాబా తెచ్చుకున్న బాకు ఆ హాల్లోనే, బల్ల మీద ఉండేది. పాములా మెలికలు తిరిగిన బాకు. దాని వెండి ఒర నిండా పూలూ తీగలూ, ఎంత ముద్దుగా ఉందో! లోపలి కత్తి మాత్రం మసిపట్టినట్టు నల్లగా, బూడిదరంగు చారలతో ఉంది. శుక్రవారం బాబా స్నేహితుడొకాయన వచ్చి, అది అసలుదో నకిలీదో చెబుతాడని విన్నాను. ఇంత మురికి కత్తినా పెద్దమనిషికి చూపించేది? నాకు మురికంటే ఒళ్లు మంట. మా గోదావరి వైపు ఇత్తడి బిందెలో మొహం కనబడకపోతే తోమినట్టే కాదు. ఇనప పీచూ పాలిష్ పౌడరూ తీసుకుని గంటసేపు తోమాను. కత్తి తళతళలాడింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

వంటింట్లో నాతో పనిచేసే అమ్మాయిది ఆ ఇండోనేషియాలోనే జావా దీవి. ఆమె దాన్ని చూసి చేతిలో గిన్నె వదిలేసింది. మా మాటలన్నీ అరబ్బీ ముక్కలతోనే సాగేవి. 'అక్కా' అని పిలవడం మాత్రం నేనే నేర్పాను.

"గీతలేవీ అక్కా?" అంది.

"మురికేగా, పోయింది."

"మురికి కాదు. రెండు రకాల ఇనుము కలిపి, మడిచి కొడితే వచ్చే గీతలు. అసలుదైతే మళ్లీ వస్తాయి. పైపైన గీసినవైతే, ఖలాస్."

మరునాడే శుక్రవారం. నా వీసాకి పూచీ పడ్డ కఫీల్ బాబానే; ఆయన నా ఇఖామా, అక్కడ ఉండే అనుమతి, రద్దుచేసి విమానం ఎక్కించేస్తే, ఇంటికెళ్లి ఏమని చెప్పుకోను? కత్తి తోమి వచ్చానని చెప్పనా? ఏడుపొచ్చేసింది.

ఆమె తిట్టలేదు. నిమ్మకాయలు కోసి, రసాన్ని దూదితో పిడి నుంచి మొన దాకా రాసింది. కడిగి మళ్లీ రాసింది. "యల్లా, ఇటు రా. ఏడవకు, చూడు" అంది. కిటికీ వెలుగులో ఇద్దరం తలలు ఆనించి కూర్చున్నాం. ఎంతసేపో తెలియదు. ముందు కత్తి మీద మబ్బు కమ్మింది. తర్వాత ఇనుము నల్లబడుతూ, దాని నడుమ తెల్లటి గీత ఒకటి, పక్కనే మరొకటి, నీళ్ల అడుగు నుంచి లేచినట్టు తేలాయి. ఆమె కొబ్బరినూనె రాసి, కత్తిని నుదుటికి తాకించుకుని ఒరలో పెట్టింది.

మరునాడు నేను చాయ్ పట్టుకెళ్లేసరికి ఆ పెద్దమనిషి భూతద్దంతో చూస్తున్నాడు. నాకంత నచ్చిన ఒరను రెండు నిమిషాల్లో పక్కన పడేశాడు. పూలన్నీ ఒకే అచ్చులో పోసినవట, సుత్తి దెబ్బ ఒక్కటీ లేదట, కొత్తదట. కత్తిని మాత్రం వదల్లేదు.

"ఇది అసలుదే. ఎవరో ఈమధ్యే బాగా తోమారు. అయినా గీతలు తిరిగొచ్చాయి చూడు" అన్నాడు బాబాతో. ఎవరు తోమారని బాబా అడగలేదు.

వంటింట్లోకి పరుగెత్తాను. "అసలుదేనట!"

"తెలుసు" అంది, గిన్నెలు కడుగుతూనే. "మా ఇంట్లోదీ ఇలాంటిదే, తాతలనాటిది. ఏటా నాన్నా నేనూ కలిసి కడిగేవాళ్లం."

"ఇప్పుడెవరు కడుగుతున్నారు?"

"నన్నిక్కడికి పంపడానికి అమ్మేశాడు."

బాకును బాబా అద్దాల బీరువాలో పెట్టించాడు. దాన్ని తుడిచే పని నాకే చెప్పింది మామా. నేను బట్ట తీసుకెళ్లి జావా అమ్మాయి చేతిలో పెట్టాను.