కడియాలు చూసిన వైద్యుడు

రజాకార్ల రోజుల్లో ఇబ్రహీంపట్నం నుంచి హైదరాబాదు పోయే దారి మూసుకుపోయింది. ఉబ్బసంతో ఎగపోసే మా చెల్లికి ఊరి వైద్యుడే దిక్కు. పిల్ల ఛాతీ మీద చెయ్యి పెట్టే ముందు ఆయన అమ్మ ఒంటి మీద ఏ నగ మిగిలిందో చూసేవాడు. ఓసారి అమ్మ కాళ్ల కడియాలు ఊడిరాలేదు. చెల్లి ఊపిరాడక తన్నుకుంటుంటే, "జర నూనె రాయి, తొందరేం లేదు" అని పాన్ నములుతూ కూర్చున్నాడు. అమ్మ కాళ్ల తోలు లేచిపోయి కడియాలు చేతికొచ్చాకే మందు పొడి పొట్లం ఇచ్చాడు.

పోలీసు చర్య తర్వాత దారి తెరిచారు. చెల్లిని పట్నం దవాఖానకు తీసుకుపోతే, అక్కడి డాక్టరు పొట్లంలో మిగిలిన పొడి చూసి, "ఉత్త బూడిద" అన్నాడు.

అమ్మ నేరుగా వైద్యుడి ఇంటికి పోయింది. "బూడిదకా నా కడియాలు తీస్కున్నవ్?"

"పిల్ల బతికింది గద, ఇంకేం గావాలె?" అని నవ్వాడు.

అమ్మ ఆయన వాకిట్లోనే ఉమ్మేసింది. అరుగు మీద ఇంకో తల్లి, ఆయాసపడే బిడ్డను ఒళ్లో పెట్టుకుని, అంతా విని కూడా చెవుల కమ్మలు తీస్తూనే ఉంది.