రంగులావిడ చూపు

ఫ్యాక్టరీలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ రంగులావిడే. లిప్‌స్టిక్ ముద్దని అచ్చుల్లో పోసేముందు చిటికెడు తీసి ముంజేతి మీద గీసుకునేది, పక్కనే అసలు నమూనా గీసుకునేది, కిటికీ వెలుతురులో రెండూ చూసి "పొయ్యండి" అనేది. ముప్ఫై ఎనిమిదేళ్లుగా అదే కిటికీ, అదే పీట. యజమాని పెద్దాయన తన ఒక్కగానొక్క కూతుర్ని పదహారో ఏట తెచ్చి అక్కడే కూర్చోబెట్టి, "దీనికి కాస్త రంగులు చూడ్డం నేర్పు తల్లీ" అన్నాడు. ఆ పిల్లే ఇప్పుడు నలభై దేశాల్లో వ్యాపారం ఏలుతోంది. యాభై దాటినా జనానికింకా చిన్నమ్మగారే.

రెండేళ్లుగా రంగులావిడకి చూపు ఆనడం లేదు. ఎరుపులో ఊదా కలిసినా తేడా తెలియడం లేదు. చెబితే మర్నాడే పీట మీద ఇంకొకరుంటారు. ఆ పీట తప్ప ఆవిడకి వేరే లోకమే లేదు. అందుకని రంగు కొలిచే మెషిన్ మీద అంకె దొంగచాటుగా చూసుకుంటూ నెట్టుకొచ్చింది. ఆ మెషిన్ పాడైన రోజే, ఖర్మకొద్దీ, కంపెనీకి పేరు తెచ్చిన ఎరుపు ఆవిడ ముందుకొచ్చింది. కళ్లు చిట్లించి, పొయ్యమంది. చిన్నమ్మగారు కూడా మణికట్టు మీద గీసుకుని, తలూపి, సంతకం పెట్టారు. నెల తిరక్కుండానే దేశదేశాల నుంచీ సరుకు వెనక్కొచ్చింది, పెదాలు శవం పెదాల్లా ఉన్నాయని.

మేనేజర్లు వచ్చేలోపు చిన్నమ్మగారు ఆవిడని తన గదికి పిలిపించారు.

"నాకు కళ్లు ఆనట్లేదమ్మా. రెండేళ్లయింది. తప్పు నాదే," అంది రంగులావిడ.

చిన్నమ్మగారు లేచి గది తలుపు దగ్గరగా వేశారు. "నాకూ కనపడట్లేదక్కా," అన్నారు.

"మరి సంతకమెలా పెట్టావమ్మా?"

"నువ్వు చూశావు కదా అని."

ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండేళ్లలో రంగులావిడ గుండె తేలికపడింది ఆ ఒక్క నిమిషమే.

మేనేజర్లు వచ్చి కూర్చున్నారు.

"ఈవిడకి చూపు పోయిందట, ఇప్పుడే చెప్పింది," అన్నారు చిన్నమ్మగారు.

రంగులావిడ మిగతా సగం కోసం ఎదురుచూసింది.

"మరి ఇక మీదట రంగులెవరు చూస్తారండీ?" అని పెద్ద మేనేజర్ అడిగాడు.

"నేనే చూస్తాను."

అందరూ హమ్మయ్య అనుకున్నారు. రంగులావిడ నోరు విప్పలేదు. ఆ మాట ఎంత భయంతో వచ్చిందో ఆ గదిలో ఆవిడకొక్కదానికే తెలుసు. కోపం మాత్రం ఇంటికెళ్లి చెప్పులు విడిచాక వచ్చింది.