ఫోటో కింద చివరి వాక్యం

లంచమంటే జనం సిగ్గుపడేలా చేసింది పత్రికలేనని మా ఆయన ఇప్పటికీ వాదిస్తాడు. ఎవరు సిగ్గుపడ్డారో నేను చూశాను.

ఆ రోజు మా తెలుగువాళ్లుండే కొంతం చౌక్ వెళ్లే బస్సులో మరాఠీ పేపరు తెరిచాను. బీడీ కార్మికుల కార్డు కోసం గుమాస్తాకు లంచం నోటు ఇస్తున్న ఆడమనిషి ఫోటో ఉంది. "వాణ్ని అనుడెందుకు, ఇచ్చేదానికి సిగ్గుండాలె" అన్నాను, బస్సంతా వినేలా.

ఒళ్లో బీడీల చాటతో పక్కన కూర్చున్నామె కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"అది నేనే అక్కా. పోలీసులకు చెప్పి వాణ్ని పట్టిచ్చింది గూడ నేనే. పేపర్‌వాలా అది రాయలేదా?"

చదివాను. చివరి వాక్యంలో ఉంది. అది పైకి చదవకుండా పేపరు మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆమె దిగిపోయింది.

ఆ వాక్యం ఆమెకు ఎవరైనా చదివి వినిపించారా?